ఇటలీ పందెం సైకిలును మళ్ళీ కూర్చటం ఎలా?

మీలో చాలామంది సైకిలు మీద బడికి వచ్చేవారే. ఆ సైకిలు చెడిపోతే దుకాణానికి తీసుకుపోతారు. మేస్త్రీ డబ్బాలోంచి ఒక కప్పో, ఇరుసో, గుప్పెడు ఉక్కు గుళ్ళో తీసి వేస్తాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఏ కంపెనీ సైకిలు అని కూడా ఒక్కోసారి అడగడు. ఎందుకంటే మన మామూలు రోడ్డు సైకిళ్ళన్నీ దాదాపు ఒకే కొలతల కుటుంబానికి చెందినవి. వాటి మూలం ఇంగ్లండు నమూనాలు.

ఇప్పుడు మీ ముందు వేరే సైకిలు ఉందనుకోండి. సైకిలు కాదు, దాని చట్రమూ ముందు ఫోర్కూ మాత్రమే. నారింజ రంగు. ఇటలీలో మిలాను నగరానికి దగ్గరలోని కంబియాగో అనే ఊళ్ళో, ఎర్నెస్టో కొల్నాగో కార్ఖానాలో 1972 ప్రాంతంలో తయారైనది. చక్రాలు లేవు, పెడళ్ళు లేవు, గొలుసు లేదు. మిగిలిన భాగాలు ఒక్కొక్కటే సంపాదించి దీన్ని ఆనాటి పందెం సైకిలులాగే నిలబెట్టాలి. ఏ భాగాన్నయినా పట్టుకొచ్చి బిగించవచ్చునా? అలా చేస్తే యాభై ఏళ్ళ నాటి చట్రం ఒక్క సాయంత్రంలో పాడయిపోతుంది. మళ్ళీ అటువంటిది దొరకదు.

ఈ శ్రమ ఎవరు పడతారు అనుకోవద్దు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు గయోలే అనే ఊళ్ళో 1997 నుంచి 'లెరోయికా' అనే సైకిలు యాత్ర జరుగుతోంది. తారు లేని తెల్లటి కంకర రోడ్లమీద రోజంతా తొక్కాలి. 1987కు ముందు నాటి సైకిలు అయి ఉండాలి. గేరు మీటలు చట్రపు ఏటవాలు గొట్టం మీద ఉండాలి. పెడళ్ళకు కాలివేళ్ళను పట్టివుంచే క్లిప్పులు ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు పైన బయటికి కనిపించాలి. ఇవీ నియమాలు. కాబట్టి పాత చట్రాన్ని కూర్చటం గోడకు తగిలించుకోవటానికి కాదు. దాని మీద మనిషి ఎక్కి కొండ దిగాలి. కూర్పులో పొరపాటు జరిగితే పడేది ఆ మనిషే.

మరి నారింజ రంగే ఎందుకు? బెల్జియం దేశస్థుడు ఎడ్డీ మెర్క్స్ 1971 నుంచి 1976 వరకు 'మోల్తేని' అనే ఇటలీ జట్టు తరఫున పందాల్లో పాల్గొన్నాడు. ఫ్రాన్సు దేశాన్ని చుట్టివచ్చే టూర్ ద ఫ్రాన్స్ పందెాన్ని అయిదుసార్లు గెలిచినవాడు ఆయన. మోల్తేని వారిది మాంసపు పదార్థాలు అమ్మే కంపెనీ. వారి జట్టు రంగు నారింజ. ఆ తొలి సంవత్సరాల్లో మెర్క్స్ తొక్కిన చట్రాల మీద ఆయన పేరే రాసివుండేది కానీ తయారుచేసింది మాత్రం కొల్నాగో. ఆ సైకిళ్ళను చూచి ఇష్టపడినవారు ఇప్పటికీ ఆ రంగునే కోరుకుంటారు. రంగు వేయటం సులువు. లోపలి సంగతులే మనకు కావాలి.

బోలు గొట్టం బలం

చట్రాన్ని ఒక చేత్తో ఎత్తి చూడండి. మీ సైకిలు చట్రంతో పోలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వేలి గోటితో గొట్టం మధ్యభాగాన్ని మీటితే సన్నగా మోగుతుంది. అంత పలచని లోహం అన్నమాట.

ఇది మిలానులోని కొలంబస్ సంస్థ గొట్టం. ఆంజెలో లుయిజీ కొలంబో 1919లో ఆ సంస్థను స్థాపించాడు. పందెం సైకిళ్ళకు వారు చేసిన ఎస్.ఎల్. రకం గొట్టాలు ఉక్కులో కొద్దిగా క్రోమియం, మాలిబ్డినం కలిపిన మిశ్రలోహంతో చేసినవి. పెద్ద గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. గోడ మందం చివరల్లో 0.9 మి.మీ., మధ్యలో 0.6 మి.మీ. మాత్రమే. బయటినుంచి చూస్తే ఈ తేడా కనపడదు. లోపలి వైపున మందం మారుతుంది.

ఇంత పలచని గొట్టం మనిషిని ఎలా మోస్తుంది? కాగితం మీద లెక్క వేద్దాం. 28.6 మి.మీ. వ్యాసం, 0.6 మి.మీ. మందం ఉన్న గొట్టంలో లోహపు అడ్డుకోత వైశాల్యం సుమారు 53 చదరపు మి.మీ. అదే లోహాన్ని కరిగించి బోలు లేని కడ్డీగా పోస్తే దాని వ్యాసం 8.2 మి.మీ. వస్తుంది. అంటే మీ చిటికెన వేలికన్నా సన్నం. రెండింటి బరువూ ఒకటే. కాని వంచబోతే గొట్టం ఆ కడ్డీకన్నా సుమారు 23 రెట్లు ఎక్కువగా ఎదురు నిలుస్తుంది. వంపును అడ్డుకోవటంలో మధ్యరేఖకు దూరంగా ఉన్న లోహమే ఎక్కువ పని చేస్తుంది. నడుమ ఉన్నది ఊరకే బరువు. వెదురుబొంగు సంగతి మీకు తెలిసిందే కదా!

మరి చివరల్లో మందం ఎందుకు పెంచారు? గొట్టాలు కలిసే చోటనే వంచే బలం ఎక్కువ. అదీగాక అతికేటప్పుడు వేడి తగిలేది అక్కడే. వేడి తగిలిన ఉక్కు కొంత బలం పోగొట్టుకుంటుంది.

ఆ అతుకును దగ్గరగా చూడండి. గొట్టం నేరుగా గొట్టానికి అతుక్కోలేదు. 'లగ్గు' అనే ఉక్కు తొడుగులోకి రెండు గొట్టాలూ దూరి ఉన్నాయి. తొడుగుకూ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. మంటతో వేడిచేసి ఇత్తడినో, వెండి కలిసిన లోహాన్నో అంచుకు తాకిస్తే అది కరిగి ఆ సందులోకి తనంతట తానే పాకిపోతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కటం చూచారు కదా? అదే కేశనాళికీయత. ఇత్తడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఉక్కు కరగటానికి 1,400 డిగ్రీలకు పైగా కావాలి. కాబట్టి ఉక్కు కరగకుండానే అతుకు పడుతుంది. పనివాడు మంటను ఎక్కువసేపు ఉంచితే పలచని గొట్టం చెడుతుంది. తక్కువసేపు ఉంచితే లోహం సందంతా నిండదు. రంగు వేసిన తరువాత ఆ లోపం ఎవరికీ కనపడదు. చట్రానికి చేసినవాడి పేరు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

దారంతో పరీక్ష

ఏ భాగమూ కొనకముందే చట్రం వంకరపోయిందేమో చూసుకోవాలి. పెద్ద పరికరాలు అక్కరలేదు. వెనుక చక్రపు ఇరుసు కూర్చునే గాడికి ఒక పక్క దారం కట్టండి. దాన్ని ముందుకు లాగి, హ్యాండిలు దూరే నిలువు గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి రెండో పక్క గాడికి బిగించి కట్టండి. ఇప్పుడు సీటు కిందిగొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండూ సమానమైతే వెనుక భాగం నడుమకే ఉంది. కాకపోతే తేడా ఎటు ఉందో దారమే చెబుతుంది. మీ సైకిలు మీద కూడా ఇది చేసి చూడవచ్చు.

ఆ గాళ్ళ మధ్య దూరాన్ని కూడా కొలవండి. ఆ రోజుల్లో వెనుక అయిదు పళ్ళచక్రాలు ఉంటే 120 మి.మీ., ఆరు ఉంటే 126 మి.మీ. తీసుకోవలసిన హబ్బు ఏదో ఈ కొలతే నిర్ణయిస్తుంది.

కుడి మర, ఎడమ మర

ఇక అసలైన చోటుకు వద్దాం. పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డగొట్టాన్ని మన మేస్త్రీలు 'బీబీ' అంటారు. దానికి రెండు వైపులా లోపల మరలు కోసి ఉంటాయి. ఆ మరల్లోకి రెండు ఉక్కు కప్పులు బిగిస్తారు. కప్పుల్లో గుళ్ళు, గుళ్ళ మధ్య ఇరుసు.

ఇంగ్లండు పద్ధతిలో ఈ కప్పు వ్యాసం 34.8 మి.మీ., గొట్టం వెడల్పు 68 మి.మీ. ఇటలీ పద్ధతిలో వ్యాసం 36 మి.మీ., వెడల్పు 70 మి.మీ. మరల సంఖ్య మాత్రం రెండింటిలోనూ అంగుళానికి 24. వ్యాసం మిల్లీమీటర్లలో, మరలు అంగుళాల్లో! ఇటలీ వారి ఈ కలగాపులగపు కొలత నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. కాని దాన్ని తేలిగ్గా తీసుకుంటే నష్టం మనకే.

ఎలాగంటే, ఇంగ్లండు కప్పును ఇటలీ చట్రంలో పెట్టి చూడండి. 1.2 మి.మీ. సన్నం కనుక మరలు ఒకదాన్నొకటి కొసలతో మాత్రమే అందుకుంటాయి. పట్టినట్టే ఉంటుంది, తొక్కగానే ఊడుతుంది. దీనికి విరుద్ధంగా ఇటలీ కప్పును ఇంగ్లండు చట్రంలోకి బలవంతంగా తిప్పితే మొదటి మరలే చెక్కుకుపోతాయి. ఫ్రాన్సు పద్ధతిలో ఇంకొక చిక్కు ఉంది. అక్కడ ఒక మరకూ తరువాతి మరకూ దూరం సరిగ్గా 1 మి.మీ. అంగుళానికి 24 అంటే 25.4 ను 24 తో భాగించండి: 1.058 మి.మీ. వస్తుంది. ఒక్క మరకు తేడా 0.058 మాత్రమే. కాని ఎనిమిది మరలు తిరిగేసరికి ఆ తేడా 0.46 మి.మీ. అవుతుంది. అంటే దాదాపు సగం మర. ఇటువంటి తేడా ఉన్న రెండు మరలను కలిపితే మొదటి ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది. తరువాత బిగుసుకుంటుంది. "ఇంకొంచెం బలం పెడితే సరి" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే పానా కింద పెట్టాలి. వేళ్ళతో తిరగని మరను పానాతో తిప్పకూడదు.

చట్రం ఏ దేశపుదో తెలియకపోతే రంగును, చీటీని నమ్మవద్దు. బీబీ గొట్టం వెడల్పు కొలవండి. 70 మి.మీ. వస్తే ఇటలీదని దాదాపు ఖాయం. తరువాత వెర్నియర్ కాలిపర్సుతో లోపలి వ్యాసం చూడండి. మీ ప్రయోగశాలలో ఆ కాలిపర్సు ఉన్నదే కదా!

ఇంతకన్నా ఆసక్తికరమైన తేడా ఇంకొకటి ఉంది. ఇంగ్లండు పద్ధతిలో కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది. అంటే అపసవ్యదిశలో తిప్పితే బిగుస్తుంది. ఇటలీ పద్ధతిలో రెండు కప్పులకూ కుడి మరలే. ఏది మంచిది?

జవాబు కోసం ఒక గాజు, ఒక నాణెం తెచ్చుకోండి. గాజును బల్లమీద పడుకోబెట్టి కదలకుండా పట్టుకోండి. నాణెాన్ని దాని లోపల పెట్టి, నాణెం మీద పెన్సిలుతో ఒక గీత గీయండి. నాణెం అంచు గాజు లోపలి అంచుకు ఆనేట్టు నొక్కుతూ, జారకుండా దొర్లించండి. గడియారపు ముల్లు తిరిగే దిశలో గాజు చుట్టూ తీసుకుపోండి. గీతను గమనించండి. నాణెం ప్రయాణం చేసింది సవ్యదిశలో. కాని తన చుట్టూ తాను తిరిగింది అపసవ్యదిశలో!

ఇప్పుడు గాజుకు బదులు చట్రం, నాణెానికి బదులు కప్పు అనుకోండి. మర ఎంత బాగా కోసినా రెండింటి మధ్యా అతి సూక్ష్మమైన సందు ఉంటుంది. కుడివైపు నిలబడి చూస్తే పెడళ్ళు సవ్యదిశలో తిరుగుతాయి. ఇరుసుతో పాటు గుళ్ళు కూడా అదే దిశలో కప్పు లోపల దొర్లుతాయి. ప్రతి గుండూ తాను ఉన్నచోట కప్పును బయటికి నొక్కుతుంది. ఆ నొక్కుడు సవ్యదిశలో చుట్టి వస్తుంది. కప్పు నాణెంలాగా అపసవ్యదిశలో పిసరంత జరుగుతుంది. కుడి మర అయితే అది ఊడే దిశ. ఎడమ మర అయితే బిగిసే దిశ. ఇంగ్లండు పద్ధతిలోని తెలివి ఇది. ఎడమవైపు కప్పుకు ఇదంతా తారుమారు కనుక అక్కడ కుడి మర ఉంటే సరిపోతుంది.

పెడలును క్రాంకులోకి బిగించే చోట కూడా ఇదే సూత్రం. తేడా ఏమిటంటే అక్కడ పాదం ఎప్పుడూ కిందికే నొక్కుతుంది, తిరిగేది క్రాంకు. కుడి క్రాంకు సవ్యదిశలో తిరుగుతుంటే, దాని మీద కూర్చున్న చీమకు మన నొక్కుడు అపసవ్యదిశలో తిరుగుతున్నట్టు ఉంటుంది. కాబట్టి పెడలు ఇరుసు సవ్యదిశలో జరిగి బిగుస్తుంది. కుడి పెడలుకు కుడి మర, ఎడమ పెడలుకు ఎడమ మర పెట్టినది ఇందుకే. ఇటలీవారయినా ఈ విషయంలో వేరు దారి తొక్కలేదు. ఈ జరుగుడు ఎంతో లెక్క కట్టవచ్చు. పెడలు మర వ్యాసం సుమారు 14 మి.మీ. సందు మిల్లీమీటరులో నూరోవంతు అనుకుందాం. అప్పుడు క్రాంకు 1,400 సార్లు తిరిగితే, వదులుగా ఉన్న పెడలు ఇరుసు ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. పందెంలో ఇది పావుగంట పని కూడా కాదు. మరను తప్పు దిశలో కోసివుంటే పెడలు మెల్లగా ఊడి చేతికి వస్తుంది.

మరి ఇటలీ కుడి కప్పు గతి ఏమిటి? ఘర్షణే దిక్కు. మరలను కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, కప్పును దాని ప్రత్యేకమైన పానాతో చాలా గట్టిగా బిగించాలి. కప్పు అంచు చట్రానికి బలంగా ఆనితే ఆ పిసరంత జరుగుడు ఆగుతుంది. ఎన్నో గొప్ప పందాలను ఈ 'లోపం' ఉన్న సైకిళ్ళ మీదే గెలిచారు. గట్టిగా బిగించే మేస్త్రీ జట్టు వెంట ఉన్నాడు మరి!

చలికి కొంకర్లు పోయిన వేళ్ళు

ఇరుసుకు క్రాంకులను తగిలించటంలో మన సైకిలుకూ దీనికీ తేడా ఉంది. మన రోడ్డు సైకిలుకు కాటరు పిన్ను కొడతారు. దీనికి పిన్ను లేదు. ఇరుసు కొస నాలుగు పలకలుగా, కొంచెం సన్నబడుతూ ఉంటుంది. అల్యూమినియం క్రాంకులోని చదరపు రంధ్రాన్ని దాని మీదికి బోల్టుతో లాగుతారు. సీసా నోట్లో బిరడాలాగా అది బిగుసుకుంటుంది.

ఈ క్రాంకులు, హబ్బులు, గేర్లు విచెంజా నగరంలోని కంపాన్యోలో సంస్థవి. తుల్లియో కంపాన్యోలో స్వయంగా పందాల్లో పాల్గొన్నవాడు. ఆయన కాలంలో గేరు మార్చటమంటే దిగి, వెనుక చక్రం విప్పి, తిప్పి పెట్టడమే. చక్రానికి అటొకటి ఇటొకటి పళ్ళచక్రాలు ఉండేవి. చక్రం చెవుల నట్లతో బిగించి ఉండేది. సంస్థవారు చెప్పే కథ ప్రకారం 1927లో క్రోచే దావునే అనే కొండదారిలో మంచు కురుస్తుండగా, చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఆయన ఆ నట్లు విప్పలేకపోయాడు. పందెం పోయింది. కథ సంగతి ఎలా ఉన్నా, బోలు ఇరుసులో సన్నని కడ్డీ, దాని చివర ఒక మీట ఉన్న బిగింపుకు ఆయన 1930లో పేటెంటు తీసుకున్నాడు. 1933లో కార్ఖానా పెట్టాడు. మీటను మడిస్తే లోపల ఉన్న ఉత్కేంద్ర చక్రం, అంటే కేంద్రం పక్కకు జరిగిన చక్రం, కడ్డీని లాగి బిగిస్తుంది. మీట పొడవు ఎక్కువ, కడ్డీ జరిగేది అతి తక్కువ. తులాదండం సూత్రం మీకు గుర్తుండే ఉంటుంది. ఈనాటికీ ఎన్నో సైకిళ్ళ చక్రాలు ఆ మీటతోనే ఊడి వస్తాయి.

ఆ సంస్థ 1967లో తెచ్చిన 'నువోవో రికార్డ్' గేరు మార్పిడి యంత్రం మన చట్రానికి సరిగ్గా తగినది. దాన్ని చేతిలోకి తీసుకుని ఆడించి చూస్తే మీ రేఖాగణితం పుస్తకంలోని సమాంతర చతుర్భుజమే కనపడుతుంది. నాలుగు మూలలా కీళ్ళు. ఒక భుజం చట్రానికి, ఎదుటి భుజం గొలుసును నడిపే చిన్న చక్రాలకు. చతుర్భుజం ఎంత నలిగినా ఎదురెదురు భుజాలు సమాంతరంగానే ఉంటాయి కనుక చిన్న చక్రాలు పక్కకు జరుగుతాయే గాని వాలిపోవు. గొలుసు ఒక పళ్ళచక్రం నుంచి ఇంకొకదాని మీదికి తిన్నగా దిగుతుంది. గేరు మీటకు 'టిక్కు' మనే మెట్లు లేవు. ఘర్షణ వల్ల ఉన్నచోట నిలుస్తుంది. ఎంత లాగాలో రౌతు వేళ్ళకే తెలియాలి, చెవి సాయం చేయాలి. ఇందువల్ల ఒక మేలు జరిగింది. మెట్లు లేవు కనుక అయిదు పళ్ళచక్రాలున్నా ఆరున్నా అదే మీట పనిచేస్తుంది.

ముందున్న పెద్ద పళ్ళచక్రాలకు ఆ రోజుల్లో 52, 42 పళ్ళు ఉండేవి. 52 ముందు, 14 వెనుక పెడితే పెడలు ఒక చుట్టుకు చక్రం 52/14, అంటే సుమారు 3.7 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే 7.8 మీటర్లు ముందుకు. మీ సైకిలు పళ్ళు లెక్కపెట్టి ఇదే లెక్క చేసి పోల్చుకోండి.

ఈ 52, 14 సంఖ్యలు ఊరికే తీసుకోలేదు. 1972 అక్టోబరు 25న మెర్క్స్ మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కి.మీ. తొక్కి రికార్డు నెలకొల్పాడు. అక్కడ వాడిన గేరు ఇదే. లెక్కవేస్తే నిమిషానికి సుమారు 105 చుట్లు, గంటసేపు ఆపకుండా! ఆ నగరం సముద్రమట్టానికి రెండు వేల రెండు వందల మీటర్లకు పైన ఉంది కనుక గాలి పలచన, నిరోధం తక్కువ. పీల్చుకునే ఆక్సిజనూ తక్కువే అనుకోండి. ఆ సైకిలు కూడా కొల్నాగోదే, కాని రోడ్డు సైకిలు కాదు. గుండ్రటి బాటమీద తొక్కేది. గేర్లు లేవు, బ్రేకులు లేవు, బరువు ఆరు కిలోల లోపు. గొలుసు లంకెలకు కూడా రంధ్రాలు చేసి బరువు తగ్గించారు. తరువాత ఎన్నో వింత ఆకారాల సైకిళ్ళ మీద ఆ దూరాన్ని చాలామంది దాటారు. అప్పుడు మెర్క్స్ నాటి మాదిరి సైకిలు మీదే తొక్కాలని నియమం పెట్టారు. 2000లో ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ అలా తొక్కి 49.441 కి.మీ. వెళ్ళాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత తేడా పది మీటర్లు!

ఆ రంధ్రాల మోజు రోడ్డు సైకిళ్ళకూ పాకింది. బ్రేకు మీటలకు, పళ్ళచక్రాలకు తూట్లు పొడిచిన పాత భాగాలు ఇప్పటికీ అమ్మకానికి వస్తాయి. నా మాట వింటే వాటిని కొనవద్దు. కారణం చెబుతాను.

అలసిపోయే లోహం

ఒక ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ పోతే కొంతసేపటికి తెగుతుంది. ఒక్కసారి వంచితే తెగని బలమే వేలసార్లు పడితే తెంచుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. ఉక్కుకు ఒక సుగుణం ఉంది. ఒక హద్దుకు లోపల ఉన్న బలం ఎన్ని లక్షల సార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు. బలం చిన్నదయినా లెక్క పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి యాభై ఏళ్ళ ఉక్కు చట్రాన్ని నమ్మినంతగా యాభై ఏళ్ళ అల్యూమినియం క్రాంకును నమ్మలేం. ఆ కంపాన్యోలో క్రాంకుల్లో పగుళ్ళు సాధారణంగా మొదలయ్యే చోటు కూడా తెలిసినదే. క్రాంకు చేయీ, పళ్ళచక్రాన్ని మోసే అయిదు కొమ్మలూ కలిసే మూల. పదునుగా ఉన్న మూల దగ్గర బలం గుమిగూడుతుంది. రంధ్రం అంచు కూడా అటువంటి మూలే.

పగులును కంటితో పట్టుకోవటం కష్టం. దానికి పాతకాలపు ఉపాయం ఒకటి ఉంది. క్రాంకును శుభ్రంగా తుడిచి, ఆ మూలలో కిరసనాయిలు పూయండి. కాసేపు ఆగి పొడిగా తుడిచెయ్యండి. పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులో దూరిన నూనె మెల్లగా సుద్దలోకి ఎక్కి సన్నని గీతలా తడి కనపడుతుంది. లగ్గులోకి ఇత్తడిని పీల్చిన కేశనాళికీయతే ఇక్కడ దోషాన్ని బయటపెడుతుంది. దగ్గరలో దీపం, అగ్గిపుల్ల ఉండకూడదు. గీత కనపడితే ఆ క్రాంకు ఎంత ఖరీదయినా పక్కన పెట్టవలసిందే.

హ్యాండిలు కడ్డీ, దాన్ని పట్టే స్టెమ్ము విషయంలో ఇదే జాగ్రత్త కావాలి. అక్కడ విరిగితే ఆదుకునేది లేదు. ఆ కాలపు పందెగాళ్ళు మెచ్చిన హ్యాండిళ్ళు చినెల్లి వారివి. చీనో చినెల్లి 1943లో మిలాను-సాన్ రెమో పందెం గెలిచి, తరువాత ఈ వ్యాపారంలోకి దిగాడు. చినెల్లి హ్యాండిలు నడుమ మందం 26.4 మి.మీ. ఇతరుల స్టెమ్ములు ఎక్కువగా 26.0 మి.మీ.కు చేసినవి. తేడా 0.4 మి.మీ. అంటే నాలుగైదు పోస్టుకార్డు అట్టల మందం కూడా లేదు. కాని 26.0 హ్యాండిలును 26.4 స్టెమ్ములో బిగిస్తే కొండ దిగుతూ బ్రేకు పట్టినప్పుడు గిరుక్కున తిరుగుతుంది. నేనయితే ఈ రెండు భాగాలను మాత్రం పాతవి వాడను. అదే రూపంలో, అదే కొలతతో కొత్తవి వెదికి వేస్తాను. ఆనాటి సైకిలుకు ఆనాటి భాగాలే ఉండాలని పట్టుబట్టేవారు దీనికి ఒప్పుకోరు. చూడటానికయితే వారి మాట సరే. ఎక్కి తొక్కటానికి కాదు.

సీటును మోసే అల్యూమినియం కంబం ఉక్కు గొట్టంలోకి దిగుతుంది. దాని వ్యాసం 27.2 మి.మీ. దాన్ని గ్రీజు పూయకుండా దించవద్దు. రెండు వేర్వేరు లోహాలు, నడుమ చెమట, వాననీరు. ఇదే కదా విద్యుద్ఘటం! అల్యూమినియం క్షయమై దాని ఆక్సైడు ఏర్పడుతుంది. ఆ ఆక్సైడుకు అసలు లోహంకన్నా ఎక్కువ చోటు కావాలి. చోటు లేక కంబం గొట్టంలో బిగుసుకుపోతుంది. పాత చట్రాల్లో ఇలా ఇరుక్కున్న కంబాన్ని తీయటానికి కొందరు రంపంతో నిలువునా కోయవలసి వస్తుంది. వేలెడు గ్రీజు దీన్నంతా తప్పిస్తుంది.

చక్రాల గురించి ఎక్కువ చెప్పను. 36 స్పోకులు, పలచని అల్యూమినియం రిమ్ములు. టైరు మాత్రం కొత్త సంగతి. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేస్తారు. ఆ కుట్టిన టైరును రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. పాత జిగురు ఎండితే మలుపులో టైరు ఊడి వస్తుంది. కనుక పాత జిగురంతా గీకేసి కొత్తది పూయాలి, ఒక రాత్రి ఆరనివ్వాలి.

అన్నీ బిగించాక గొలుసు వేసి, తీగలు లాగి, బ్రేకు దిమ్మెలు రిమ్ముకు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడండి. కొండ ఎక్కకముందు ఇంకొక పని. కుడివైపు బీబీ కప్పు అంచు మీదుగా చట్రం మీదికి సాగేట్టు పెన్సిలుతో ఒక సన్నని గీత గీయండి. ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్లు తొక్కి వచ్చి ఆ గీతను చూడండి. గీత తిన్నగా ఉంటే సరే. కప్పు మీది సగం ఎదురు దిశలో పిసరంత జరిగి ఉంటే గాజూ నాణెమూ తమ పని చేస్తున్నాయన్నమాట. కప్పు విప్పి, మరలు మళ్ళీ కడిగి, ఇంకా గట్టిగా బిగించి కొత్త గీత గీయండి.